కుంగిన కడ్డీ

కృపానందం చెయ్యి బంగారం. ఎంత మొండి టేకు చెక్కైనా ఆయన ఉలి కింద చెప్పినట్టు వినేది. మనసు కూడా పదిమందితో పోలిస్తే మంచిదే. ఒకటే జబ్బు. పక్కవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఇది నడివయసులో అంటుకున్న జబ్బు కాదు. మిషన్ బోర్డింగులో చదువుకునే రోజుల్లో, క్రిస్మస్ ఆరాధనలో పాట పాడడానికి తనను కాదని తోటి కుర్రాడు సొలొమోనును ఎంచారని ఈయనకు జ్వరం వచ్చింది. దొంగజ్వరం కాదు, నుదురు కాలిపోయింది, రెండు రోజులు గంజి తాగాడు. తన పెళ్ళిలో ఎవరో తోడల్లుడి కోటు బాగుందన్నారట. అంతే, తన కోటు విప్పి మడత పెట్టేశాడు. ఫోటోలో కోటు లేకుండా బిగుసుకుని నిలబడ్డ పెళ్ళికొడుకును ఇప్పటికీ చూడొచ్చు. ఆదివారం పాస్టరుగారు అసూయ మీద ప్రసంగం చేస్తే, ఈ మాట ఎవరికి తగులుతుందా అని వెనక్కి తిరిగి బెంచీలన్నీ వెతికే రకం.

"మా ఇంట్ల రెండు పొయ్యిలున్నయి. ఒకటి నాది, ఇంకోటి ఈయన కడుపుల ఉన్నది" అనేది భార్య సువార్తమ్మ, ఆయన వింటుండగానే.

పుట్టింది హత్నూర పక్క పల్లెలో, ముప్పై ఒకటో సంవత్సరంలో. తండ్రి ఉపదేశి. ఎండనకా వాననకా ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేవాడు. కొడుకు మాత్రం మిషన్ వాళ్ళ వడ్రంగి షెడ్డులో చేరాడు. చుట్టుపక్కల నాలుగు చర్చిల బెంచీలు, మూడు ప్రసంగ వేదికలు ఆయన చేసినవే. ఆ వేదికల వెనక నిలబడి పాస్టరు బాగా చెప్పాడని జనం అనుకుంటూ పోతుంటే, చెక్కపని సంగతి ఒక్కడూ ఎత్తడేమని లోలోపల ఉడికిపోయేవాడు.

అరవై నాలుగులో పటాన్‌చెరు దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన, పంపుల విడిభాగాలు పోతపోసే ఫౌండ్రీ ఒకటి లేచింది. కృపానందం అందులో ప్యాటర్న్ షాపులో చేరాడు. ప్యాటర్న్ అంటే చెక్క నమూనా. దాన్ని ఇసుకలో అద్ది తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది గనుక, ప్యాటర్న్ ఆ కాస్తా పెద్దదిగా ఉండాలి. అందుకే ఆ పనివాళ్ళ స్కేలే వేరు. దాని మీద అడుగు అసలు అడుగు కన్నా పిసరంత పొడుగు. కృపానందం జేబులో ఎప్పుడూ ఉండేది ఆ పొడుగు స్కేలే. ఇంట్లో మంచం పట్టీ కొలిచినా దానితోనే. ఎక్కువైతే చెక్కుకోవచ్చు, తక్కువైతే ఎక్కణ్ణుంచి తెస్తామని ఆయన వాదన.

తొమ్మిదేళ్ళు గడిచాయి. షాపు మీద పెత్తనం చేసే చార్జిమన్ ఉద్యోగం రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ ఇంకొకడికి పోయింది. చెక్కపొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. అలాంటి రోజుల్లో, డెబ్బై మూడు వానాకాలం పోతూ ఉండగా, మేనేజరు పిలిపించాడు.

"జనవరికి మన ఫ్యాక్టరీకి పదేళ్ళు నిండుతున్నాయి కృపానందం. గేటు దగ్గర ఒక పెద్ద విగ్రహం పెట్టాలని ఛైర్మన్ గారి కోరిక. మన ఇనుముతో, మన పనివాళ్ళ చేత్తో. నీ చెక్కపని చూశాను. చెయ్యగలవా?"

"చేస్త సార్" అన్నాడు కృపానందం, ఏం చెయ్యాలో తెలియకుండానే.

"బాగా కుదిరితే ఇంకో మాట. మోడల్ రూమ్ అని కొత్త విభాగం పెడుతున్నాం. ఎగ్జిబిషన్లకు పంపే నమూనాలు, బొమ్మలు అక్కడే చేస్తారు. దానికి ఇన్‌చార్జి కావాలి."

ఆ మాటతో కృపానందానికి నిద్ర కరువైంది. సొంత గది, తలుపు మీద బోర్డు, దుమ్ము లేని గాలి, చెప్పింది చేసే ఇద్దరు మనుషులు. నలభై రెండేళ్ళ వయసులో ఆయన దేవుణ్ణి అడిగింది ఆ గది ఒక్కటే.

ఏం చెయ్యాలో రెండు రోజుల్లో తట్టింది. ఫౌండ్రీలో రోజూ కళ్ళ ముందు జరిగేదే. పొడుగాటి ఇనుప కడ్డీకి నడుమ కరిగిన ఇనుము కుండ. దాన్ని లాడిల్ అంటారు. ముందొకడు, వెనకొకడు పట్టుకుని ఒక్క అడుగుతో నడుస్తారు. ఆ ఇద్దరినీ మనిషి కన్నా అడుగెత్తు పెద్దగా చెయ్యాలనుకున్నాడు. మూడు నెలలు ఒంటిచేత్తో ప్యాటర్న్‌లు చెక్కాడు. మెడనరాలు, తలకు చుట్టిన తువ్వాల మడతలు, ఇసుక అంటిన మోకాళ్ళు అన్నీ దిగాయి. ఇసుకలో అచ్చులు తీసే మౌల్డర్లు వచ్చి చూసి, "అరె, ఇది మన చిన్నరాములు మొకమే గద" అని మురిసిపోయారు. కృపానందం ఆ మూడు నెలలూ బ్రహ్మాండంగా అన్నం తిన్నాడు.

ఆ సుఖం డిసెంబరులో చెడింది. పోతపోసే ముందు బొమ్మ గేటు దగ్గర ఎలా ఉంటుందో చూద్దామని, చెక్క ప్యాటర్న్‌లనే జోడించి చైన్‌పుల్లీకి వేలాడదీయాలనుకున్నాడు. చైన్‌పుల్లీతో బరువులెత్తడం ఖలాసీల పని. ఖలాసీల మేస్త్రీ పెంటయ్య వచ్చాడు.

పెంటయ్యది చిట్కుల్. అక్షరం ముక్క రాదు. కృపానందం కన్నా నాలుగైదేళ్ళు చిన్న. సన్నగా, నల్లగా, చెవిలో సగం కాల్చిన బీడీతో ఉంటాడు. పది టన్నుల యంత్రమైనా సరే, గొలుసు వేసి లేపి, గీసిన గీత మీద కూర్చోబెట్టి, చేతులు దులుపుకుని పోతాడు. ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి బరువునూ దాని చోట నిలబెట్టింది అతనే. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, అతనికీ గుర్తుండదు.

కృపానందం బొమ్మలను రోడ్డుకు ఎదురుగా పెట్టించాడు. ఇంటికొచ్చిన చుట్టానికి మొహం చూపిస్తాం గాని పక్కకు తిరిగి నిలబడతామా అని ఆయన లెక్క. దిమ్మె ఎనిమిది అడుగులు ఉండాలని, ఆ ఎత్తుకు లాగించాడు. పెంటయ్య గొలుసు తనవాళ్ళకు అప్పజెప్పి, రోడ్డు దాటి అవతలికి పోయి, కాసేపు అటూ ఇటూ నడిచి తిరిగొచ్చాడు.

"అన్నా, ఒక మాట చెప్త. ఏమనుకోవు గద?"

"చెప్పు."

"రోడ్డు మీదికెళ్ళి సూస్తే ఒక్కడే ఉన్నట్టు కొడ్తున్నది. ఎన్కోడు ముంగటోని నడుమ దాసుకున్నడు. లాడిల్ సుత కనబడ్తలేదు. ఆ ముంగటోడు ఉత్తగ చేతులు ఎన్కకు వెట్టుకొని షికారు పోతున్నట్టున్నడు."

ఖలాసీలు కిసుక్కున నవ్వారు. కృపానందం చెవులు ఎర్రబడ్డాయి.

"పక్కకు తిప్పి సూడరాదన్నా? రోడ్డెంబడి నడుస్తున్నట్టు."

తిప్పారు. కృపానందం రోడ్డు దాటి అవతలికి పోయి చూశాడు. ఇద్దరూ కనబడ్డారు, నడుమ కుండ కనబడింది. రోడ్డు మీద పోయే బస్సుతో పాటు వాళ్ళూ నడుస్తున్నారు. ఎంత బాగుందంటే గుండె ఝల్లుమంది. అది తనకు తట్టనందుకు ఆ వెంటనే కడుపు భగ్గుమంది.

"నేను గదే అనుకున్న. ముందుగాల్ల ఎదురుంగ పెట్టి సూద్దామని..." అంటూ వచ్చాడు.

"గంతే గదన్నా" అన్నాడు పెంటయ్య, నిజంగానే నమ్మినట్టు. ఆ నమ్మడం మరీ మంట పెట్టింది.

పెంటయ్య అంతటితో ఊరుకున్నాడా? లేదు. సంగారెడ్డి బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపి, కండక్టరును బతిమాలి మెట్టెక్కి, కిటికీలోంచి చూసి దిగాడు. "ఎత్తు ఎక్కువైందన్నా. బస్సుల కూసున్నోనికి ఈళ్ళ అరికాళ్ళు కనబడ్తున్నయి గని మొకాలు కనబడ్తలేవు. జెర దించుదాం" అన్నాడు. గొలుసు ఒక్కో లంకె దించుకుంటూ వచ్చారు. మూడడుగుల దగ్గర ఆపించాడు. చూస్తే మనుషులు నేల మీద నడుస్తున్నట్టే ఉన్నారు. ఎనిమిది అడుగుల దిమ్మె మీద తన పనితనం ఊరేగాలనుకున్న కృపానందం పళ్ళు కొరుక్కుని, మూడడుగులే అని కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున మేనేజరు వచ్చి చూసి, "శభాష్ కృపానందం! ప్రాణం ఉందయ్యా దీంట్లో" అన్నాడు. అక్కడితో పోయినా బాగుండు. పక్కన గొలుసు సర్దుతున్న పెంటయ్య వైపు తిరిగి, "నీకెలా ఉందయ్యా?" అని అడిగాడు.

"మస్తున్నది సార్. వానొస్తే గా లాడిల్ల నీళ్ళు నిలబడ్తయి, తుప్పు కారి ఎన్కోని బట్టలు ఖరాబైతయి. అడుగున వేలుపట్టే తొర్ర వెడితే సరిపాయె."

మేనేజరు పెద్దగా నవ్వి, పెంటయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "కన్నంటే నీదయ్యా" అన్నాడు.

భుజం మీద చెయ్యి! తొమ్మిదేళ్ళలో ఆ చెయ్యి కృపానందం భుజం మీద ఒక్కసారి పడలేదు. మూడు నెలలు నడుము విరిగేలా చెక్కింది ఎవరు? వేలు పట్టే తొర్ర చెప్పింది ఎవరు? అతగాడు చదువుకున్నాడా, ఉలి పట్టాడా? చుట్టూ తిరిగి, బీడీ కాల్చుకుని, ఒక మాట విసిరేస్తాడు. ఆ మాట లేకపోతే బొమ్మ చెక్క, ఆ మాట పడితే బొమ్మకు ప్రాణం. ఆ పని తన చేతికి రాదని కృపానందానికి తెలుసు. అదే భరించలేకపోయాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర సువార్తమ్మతో అంతా చెప్పాడు, పెంటయ్య తలబిరుసుతనం ఎంతటిదో ఆమెకు తెలియాలని.

"ఇంత మంచి సలహాలు చెప్పినోణ్ణి తిడ్తవేందయ్యా? దేవుడు గాయనకు గా కన్నిచ్చిండు, నీకు చెయ్యిచ్చిండు. ఇద్దరు కలిస్తెనే గద పని?" అన్నది సువార్తమ్మ.

కృపానందం కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. సువార్తమ్మ మిగిలిన కూర గిన్నెలోకి తీసింది.

మర్నాటి నుంచి పెంటయ్య మాట చెవిన పడకుండా చూసుకున్నాడు. పోతలు పూర్తయ్యాయి. కాళ్ళు, చేతులు, కుండ అన్నీ బోల్టులతో జోడించి చూస్తే వంక లేదు. ఇక మిగిలింది దిమ్మె. సిమెంటు దిమ్మెలో ముందువాడి కాళ్ళకూ వెనకవాడి కాళ్ళకూ బోల్టులు నిలబెట్టి పాతాలి. బొమ్మను పైనుంచి దించితే పాదాల కింది బెజ్జాల్లోకి ఆ బోల్టులు దిగాలి. రెండు జతల మధ్య దూరం తొమ్మిది అడుగులు. పెంటయ్య తనంతట తనే వచ్చాడు.

"బోల్టులు పాతేటప్పుడు నన్ను పిలువన్నా. సుతిల్ దారం కట్టి ఇస్త."

"నీ పని ఎత్తుడు దించుడు. కొలతలు నేను సూసుకుంట. సదువుకున్నోళ్ళం ఉన్నం గద" అన్నాడు కృపానందం.

పెంటయ్య ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే అన్నా" అని పోయాడు.

కృపానందం ఒక్కడే, మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ సరిపోయింది. సిమెంటు పోయించి, తడి గోనెసంచులు కప్పించి, వారం రోజులు చంటిపిల్లను చూసినట్టు నీళ్ళు చల్లించాడు. ఈ ఒక్కటన్నా అతగాడి నోటి మాట లేకుండా జరిగిందని ఆ వారం సంతోషంగా ఉన్నాడు.

పదేళ్ళ పండుగ రేపనగా బొమ్మను లేపారు. పెంటయ్య గొలుసు లాగించి, దిమ్మె మీదికి తెచ్చి, మెల్లగా దించాడు. ముందువాడి పాదాలు బోల్టుల మీద చక్కగా కూర్చున్నాయి. వెనకవాడి పాదాలు మాత్రం కూర్చోలేదు. బోల్టులు అంగుళం పైచిలుకు వెనక్కి ఉన్నాయి.

"మళ్ళ లేపు" అన్నాడు కృపానందం. లేపారు, దించారు. అంతే. "ఇంకోసారి" అన్నాడు. మూడోసారీ అంతే. తెల్లారితే పది గంటలకు ఛైర్మన్ వస్తాడు. రిబ్బను కట్టడానికి వచ్చినవాళ్ళు రిబ్బను చేతిలో పట్టుకుని చూస్తున్నారు.

కృపానందం చెయ్యి జేబులోకి పోయి స్కేలు తగిలింది. అప్పుడు తెలిసింది. పొడుగు స్కేలు! ఇనుము ముడుచుకుంటుందని ప్యాటర్న్‌కు కలిపే ఆ పిసరు, అడుగుకు ఒకటి చొప్పున తొమ్మిది పిసర్లు, సిమెంటుకూ కలిపేశాడు. పోతలు ముడుచుకుని అసలు కొలతకు వచ్చాయి. సిమెంటు ఎక్కడ ముడుచుకుంటుంది? పాతికేళ్ళ అనుభవం ఉన్న పనివాడు, నిన్న మొన్న చేరినవాడు కూడా చెయ్యని తప్పు చేశాడు. కాదు, ఇంకెవడూ చెయ్యలేడు, ప్యాటర్న్ పనివాడు మాత్రమే చెయ్యగల తప్పు అది.

పెంటయ్య దిమ్మెక్కి, సుతిలి తీసి బోల్టు నుంచి బోల్టుకు లాగి, ముడివేసి, అదే సుతిలి బొమ్మ పాదాల మధ్య పట్టి చూశాడు. తర్వాత కృపానందం జేబులోంచి బయటికి పొడుచుకొచ్చిన స్కేలు వైపు చూశాడు. అక్షరాలు రాకపోయినా తొమ్మిదేళ్ళుగా ఆ ఫౌండ్రీలో ఉన్నవాడు, పొడుగు స్కేలు సంగతి తెలియనివాడు కాదు.

అందరి ముందూ అరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. దిగి దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో, "ఏం పరేషాన్ గాకన్నా. ఎవనికి తెల్వది" అన్నాడు.

ఆ మాటకు కృతజ్ఞత రావాలి గదా? వచ్చింది. దానితో పాటు, దాన్ని తోసుకుంటూ, మంట కూడా వచ్చింది. దయ చూపించే చోట కూడా వీడే పైన ఉన్నాడు!

"ఏం జేద్దమంటవ్?" అన్నాడు కృపానందం. అడగడానికి ప్రాణం పోయినంత పనైంది.

"సిమెంట్ల బోల్టులు జరగయి. ఇనుమునే సాగదీద్దాం. కడ్డీ రెండు ముక్కలు గదన్నా, కుండకు ఇటొకటి అటొకటి బోల్టు చేసి ఉన్నయి. ఆ రెండు అతుకులల్ల అరంగుళం అరంగుళం ఇనుప బిళ్ళలు వెడితే మనుషులు గంత దూరం జరుగుతరు, బోల్టులల్ల కూసుంటరు."

ఇంత తేలికా! కృపానందం నోరు తెరిచాడు.

పెంటయ్య ఆగి, తల గోక్కున్నాడు. "ఇంకో మాటన్నా. బిళ్ళలను సాపుగ కోపియ్యకు. పైన సన్నగ, కింద మందంగ కోపియ్యి."

"ఎందుకు?"

"నువ్వు కడ్డీ స్కేలు పెట్టి గీసినట్టు సక్కగ చేసినవ్. నిండు లాడిల్ ఎత్తితే కడ్డీ నడుమ కుంగుతది. నేను రోజు సూస్త. కుంగకపోతే అండ్ల ఇనుమున్నట్టు అనిపిస్తలేదు, కుండ ఉత్తదే అనిపిస్తున్నది."

మెషిన్ షాపులో బిళ్ళలు తయారయ్యేసరికి పొద్దు గుంకింది. అతుకుల్లో పెట్టి బిగించారు, దించారు. ముందువాడి పాదాలు, వెనకవాడి పాదాలు ఒకేసారి బోల్టుల్లోకి దిగి కూర్చున్నాయి. కడ్డీ నడుమ వేలెడంత కుంగింది. ఆ వేలెడంతకే, మూడు నెలలుగా ఊరికే నడుస్తున్న ఇద్దరూ బరువు మోయడం మొదలుపెట్టారు. కృపానందం చెక్కిన మెడనరాలకు అప్పుడు ఒక కారణం దొరికింది. రిబ్బను కట్టేవాళ్ళు కూడా, "అబ్బ, ఎంత బరువో!" అన్నారు.

కృపానందం చాలాసేపు చూశాడు. తన జీవితంలో అంత మంచి పని మళ్ళీ చెయ్యలేనని తెలుస్తూనే ఉంది. దానికి ప్రాణం పోసింది తను కాదని కూడా తెలుస్తూనే ఉంది.

మర్నాడు ఛైర్మన్ వచ్చాడు. పెద్దమనిషి, ఇంగ్లండులో చదివినవాడు, తెలుగు పట్టి పట్టి మాట్లాడతాడు. బొమ్మ మీద కప్పిన గుడ్డ లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టలేదు. దగ్గరికి పోయి, కడ్డీ మీద చెయ్యి పెట్టి, కుంగిన చోటు తడిమి, వెనక్కి తిరిగాడు.

"మొహాలు బాగున్నాయి. మొహాలు చాలామంది చేస్తారు. కానీ ఇది, ఈ కడ్డీ వంగడం... దీనివల్లే బరువు కనిపిస్తోంది. ఈ ఆలోచన ఎవరిది?"

మేనేజరు కృపానందం వైపు చూశాడు. పక్కన నాలుగడుగుల దూరంలో పెంటయ్య, ఉతికిన చొక్కా వేసుకుని, విప్పిన గొలుసు కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. అతను కూడా కృపానందం వైపే చూశాడు. ఏదో ఆశించినట్టు కాదు, అన్న ఏం చెప్తాడో విందామన్నట్టు.

చెప్పడానికి ఎంతసేపు? 'పెంటయ్యది సార్' అంటే రెండు మాటలు. ఆ రెండు మాటలూ నాలుక మీదికి వచ్చాయి కూడా. అప్పుడు కళ్ళ ముందు ఒక చెయ్యి కనబడింది, ఛైర్మన్ చెయ్యి, పెంటయ్య భుజం మీద. మోడల్ రూమ్ పెంటయ్యకు ఇవ్వరు, అక్షరం రానివాడికి ఎలా ఇస్తారు? గది పోదు. పోయేది ఆ చెయ్యి ఒక్కటే. అది కూడా ఓర్చుకోలేకపోయాడు.

"నాదే సార్" అన్నాడు కృపానందం.

ఛైర్మన్ చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది. కెమెరా వెలిగింది. ఆ ఫోటోలో కృపానందం కోటు వేసుకునే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు.

జనమంతా టిఫిన్ల వైపు పోయాక, పెంటయ్య గొలుసు భుజానికెత్తుకుంటున్నాడు. కృపానందం దగ్గరికి పోయి, ఏదో ఒకటి అనాలి గనుక, "ఆగమాగంల నోటికి గట్లొచ్చింది పెంటయ్యా. మేనేజరుకు తర్వాత చెప్త" అన్నాడు.

"ఎందుకు సార్, బొమ్మ మీదే గద" అన్నాడు పెంటయ్య.

అందులో కోపం లేదు, వెటకారం లేదు. పెద్ద ఉద్యోగస్థుడితో మాట్లాడేటప్పుడు ఖలాసీ ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాడు. 'అన్నా' అనే పిలుపు ఆ రోజు పోయింది.

ఫిబ్రవరిలో మోడల్ రూమ్ వచ్చింది. తలుపు, బోర్డు, దుమ్ము లేని గాలి, చెప్పింది చేసే ఇద్దరు మనుషులు. సువార్తమ్మ వచ్చి చూసి, కుర్చీలో కూర్చుని చూసి, "గాయన్ని సుత తెచ్చుకోరాదు ఈడికి, ఆ ఖలాసీ ఆయన్ని?" అన్నది. కృపానందం వినబడనట్టు కిటికీ తెరిచాడు.

తర్వాత ఐదేళ్ళలో ఎన్ని నమూనాలు చేశాడో! విడదీసి చూపించే పంపులు, ఫ్యాక్టరీ మొత్తం బల్ల మీద పట్టేంత చిన్న ఫ్యాక్టరీ, నాగలి పట్టిన రైతు. చెక్కపని ఎక్కడా వంక పెట్టడానికి లేదు. జనం ఎగ్జిబిషన్లో వాటి ముందు ఆగేవాళ్ళు, పేరు చదివేవాళ్ళు, పోయేవాళ్ళు. గేటు దగ్గరి బొమ్మ ముందు మాత్రం లారీ డ్రైవర్లు కూడా బండి ఆపి దిగి చూసేవాళ్ళు. రోజూ పొద్దున గేటులోకి వచ్చేటప్పుడు కృపానందం దాని వైపు చూడకుండా టోపీ సర్దుకునేవాడు. తన పని మీద తనకే అసూయ పుట్టిన మనిషి ఇంకెక్కడా కనబడడు.

డెబ్బై తొమ్మిదిలో ఒక పెద్ద ఎగ్జిబిషన్‌కు, చేతిపంపు కొట్టి బిందె నింపుకునే ఆడమనిషిని చేశాడు. నిలువెత్తు బొమ్మ. నాలుగు నెలలు పట్టింది. అయిపోయాక చూస్తే ఎక్కడో ఏదో తప్పుంది. చెయ్యి కొలిచాడు, నడుము కొలిచాడు, పంపు కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బొమ్మ మాత్రం నీళ్ళు కొట్టడం లేదు, పంపు పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజులు దాని చుట్టూ తిరిగి, నాలుగో రోజు సిగ్గు చంపుకుని పెంటయ్యను పిలిపించాడు.

పెంటయ్య జుట్టు నెరిసింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "ఇదెట్లున్నదో జెర సూడు" అన్నాడు కృపానందం, మామూలుగా అన్నట్టు.

పెంటయ్య చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. గది ఆ చివరికి పోయి నిలబడి చూశాడు. కృపానందం బొమ్మను చూడలేదు, అతని కళ్ళనే చూశాడు. ఆ కళ్ళు మెల్లగా కిందికి జారి, ఒక చోట ఆగాయి. అక్కడే ఉన్నాయి. పెదవి కదిలింది. చెయ్యి కూడా కాస్త లేచింది. మళ్ళీ పక్కన పడింది.

"మంచిగున్నది సార్" అన్నాడు.

"పెంటయ్యా, తమ్మీ, నీకేదో కనబడ్డది. చెప్పు."

"లేదు సార్. మస్తుగున్నది."

"ఆ కడ్డీ నీ ఆలోచనే అని ఇప్పుడే పోయి మేనేజరుకు చెప్త. అందరి ముంగట చెప్త. ఇది చెప్పు ఒక్కటి."

"అయ్యో, గదెప్పటి ముచ్చట సార్. నేనెప్పుడో మర్సిపోయిన" అన్నాడు పెంటయ్య. నిజంగానే మర్చిపోయినట్టు, చల్లగా. "మీరు సదువుకున్నోళ్ళు, మీకు తెల్వదా? పొయ్యొస్త సార్, అక్కడ మోటరు ఎత్తేదున్నది." బయట చెప్పులు తొడుక్కున్న చప్పుడైంది.

కృపానందం పెంటయ్య నిలబడ్డ చోటుకే పోయి నిలబడ్డాడు. అతని కళ్ళు ఆగిన చోటు ఏదో గుర్తు తెచ్చుకుని, అక్కడే చూశాడు. బిందె ఉంది, పాదం ఉంది, పాదం కింద తను చెక్కిన రాయి ఉంది. మూడింటిలో ఏదో ఒకటి తప్పు. సాయంత్రం సైరన్ మోగేదాకా అక్కడే నిలబడి చూశాడు. కనబడలేదు.